మెరవని గీత

మా పిన్ని మెరుపును చెవి పట్టుకుని బయటికి లాగి, నాలుగు చీవాట్లు పెట్టి, తిరిగి దాని డబ్బాలో దాన్ని కూర్చోబెట్టిన మనిషి. ఒకసారి కాదు, రోజూ చేసే పనే అది. ఆకాశంలో మెరుపు కూడా దిగబోయే ముందు కిందికి వంగి పిన్ని దుకాణం తెరిచి ఉందో లేదో చూసుకుంటుంది. తెరిచి ఉంటే పక్క వీధిలో పడుతుంది. నమ్మకం లేకపోతే మా బజారుకి వచ్చి ఎవరినైనా అడగండి, అవుననే అంటారు. వాళ్ళందరికీ ఈ మాట చెప్పింది నేనే కాబట్టి నాకా ధైర్యం ఉంది.

పిన్ని మైక్రోవేవ్ ఓవెన్లు బాగుచేస్తుంది. దుకాణం పెద్దదేమీ కాదు. ఇటు తిరిగితే మోచెయ్యి గోడకి, అటు తిరిగితే ఓవెన్‌కి తగులుతుంది. విప్పిన ఓవెన్లు ఒకదాని మీద ఒకటి పైకప్పు దాకా ఉంటాయి. ఆ సందులో ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో ఆవిడ ఉంటుంది. బయట గోడకి ఆనించి నా తాళంచెవుల బల్ల. ఆవిడ మా అమ్మకి సొంత చెల్లెలు. నాకు చదువు మీద గౌరవం ఎక్కువ, అందుకని తొమ్మిదో తరగతిలోనే దాన్ని ఇబ్బంది పెట్టడం మానేశాను. అప్పటినుంచి ఆ బల్లే నా బడి. ఈ చుట్టుపక్కల నేను తెరవలేని తాళం ఇంకా తయారు కాలేదు, తయారైనా సిగ్గుపడి తనే తెరుచుకుంటుంది. పిన్నికీ బాబాయికీ పిల్లల్లేరు. ఆ లోటు నేను రెండింతలు తీర్చానని నేనంటాను. రెండింతలు చేశావని పిన్ని అంటుంది.

మెరుపు సంగతి ఏమిటంటే, ఓవెన్ రేకు విప్పగానే లోపల కెపాసిటర్ అని ఒక డబ్బా ఉంటుంది. ప్లగ్గు పీకేసినా అది కరెంటును కడుపులో దాచుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. తెలియక వేలు పెట్టినవాణ్ణి గోడకి విసిరికొడుతుంది. పిన్ని రబ్బరు పిడి స్క్రూడ్రైవర్‌తో దాని రెండు కాళ్ళనీ కలిపి ముట్టిస్తుంది. టప్‌మని నీలం నిప్పు లేస్తుంది. “ఇప్పుడు మాట వింటుంది,” అని కళ్ళజోడు పైకి తోసుకుంటుంది. మొదట నేను చెప్పినదాంట్లో అబద్ధం ఎంతుందో ఇక మీరే తేల్చుకోండి.

ఇనుమో స్టీలో ఓవెన్‌లో పెడితే చాలు, పేలిపోతుందని చాలామంది భయం. ఓవెనే ఒక ఇనుప పెట్టె అని వాళ్ళకి తట్టదు. లోపల పుట్టిన, కంటికి కనపడని అలలు ఆ గోడలకి తగిలి వెనక్కి తిరుగుతాయి, మళ్ళీ ఇంకో గోడకి తగులుతాయి. అలా తిరిగి తిరిగి చివరికి తడి ఉన్న తిండిలోకి దూరి దాన్ని వేడెక్కిస్తాయి. తలుపు అద్దం వెనక చిల్లుల రేకు ఉంటుంది చూడండి, వెలుతురు ఆ చిల్లుల్లోంచి బయటికి వస్తుంది, ఈ అలలు రాలేవు. “దడి సందులోంచి కోడిపిల్ల దూరుతుంది, గేదె దూరుతుందా?” అని అడుగుతుంది పిన్ని. ఎవరైనా భయపడుతూ ఓవెన్‌కి దూరంగా నిలబడితే ఆవిడ చెప్పే పాఠం అంతే.

మందపాటి లోహం మీద అల పడితే లోహంలో కరెంటు అటూ ఇటూ పరిగెత్తుతుంది. కావలసినంత చోటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. గొడవంతా మొనలతోనూ, పలచటి పూతతోనూ. ఫోర్కు పెడితే కరెంటు మొన దాకా వచ్చి, ఇక దారి లేక పక్క మొన మీదికి దూకుతుంది. కప్పు అంచున ఉండే బంగారు గీత సంగతి ఇంకా ఘోరం. అది వెంట్రుక పక్కన పెడితే వెంట్రుకే లావుగా కనపడేంత పలచన. ఆట వదలగానే సినిమా హాలు జనమంతా ఒకే ఇరుకు సందులోకి దూరినట్టు అందులో కరెంటు ఇరుక్కుంటుంది. గీత వేడెక్కి చిట్లుతుంది. చిట్లిన చోట రవ్వ దూకుతుంది. ఆ తర్వాత అక్కడ బంగారం ఉండదు, మసి మరక ఉంటుంది.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకంటే, మా బాబాయి జీవితమంతా చేసిన పని కప్పుల అంచున ఆ బంగారు గీత గీయడమే.

ఊరి చివర పింగాణీ కార్ఖానా. అందులో గీతల గది అని ఒకటి ఉంది. బాబాయి ముందు ఇనుప చక్రం, చక్రం నడిమధ్యన కప్పు. కుంచెను బెల్లం పాకంలాంటి గోధుమరంగు ద్రవంలో ముంచుతాడు. అది బంగారమని చెబితే తప్ప తెలియదు. బట్టీలో కాలాకే పసిడి రంగు తేలుతుంది. కుడిచేతిలో కుంచె కదలదు. ఎడమచేత్తో చక్రాన్ని కుడివైపుకి ఒక్క తిప్పు తిప్పుతాడు. గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి ముగుస్తుంది, ఆ ముగిసే చోట కుంచెను గాలిలోకి తేల్చేస్తాడు. మొదలూ చివరా కలిసిన చోటుని అతుకు అంటారు. బాబాయి గీతకి అతుకు వెతికినవాళ్ళు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. చీమ ఒకటి ఆయన గీత పట్టుకుని నడుస్తూ ఇల్లెక్కడో తెలియక మూడు తరాలు కాపురం అక్కడే చేసిందని నేను చెబుతుంటాను. “చీమ సంగతి అబద్ధం, అతుకు సంగతి నిజం,” అనేవాడు బాబాయి, నిగర్వంగా ఉన్నట్టు నటిస్తూ.

వాళ్ళిద్దరి పరిచయం గొడవతోనే మొదలైంది. ఆ రోజు నేనక్కడ లేను, అందుకే ఉన్నవాళ్ళకంటే బాగా గుర్తుంది. కార్ఖానా కప్పులు అమ్ముడుపోతున్న కొద్దీ పిన్ని దుకాణానికి కాలిన ఓవెన్లు రావడం ఎక్కువైంది. లోపల గోడ మీద మసి, అలలు వచ్చే దారికి అడ్డంగా ఉండే మైకా రేకుకి చిల్లు. తెచ్చినవాళ్ళు ఓవెన్‌ని తిడతారు గానీ కప్పుని ఒక్కమాట అనరు. పిన్ని ఒకరోజు మసిబారిన కప్పు చేతబట్టుకుని నేరుగా గీతల గదికి నడిచింది.

“ఈ గీత గీసింది ఎవరండీ?”

“నేనే. ఏం, వంకరపోయిందా?”

“గీత బాగానే ఉంది. మా ఓవెన్లే తగలబడుతున్నాయి.”

“మా కప్పు ముందు పుట్టిందా, మీ ఓవెన్ ముందు పుట్టిందా?”

“కప్పే.”

“మరి పెద్దవాళ్ళు ఎదురొస్తే ఎవరు తప్పుకోవాలి?”

పిన్ని ఆయన్ని దుకాణానికి రమ్మంది. ఆయన కప్పునే ఓవెన్‌లో పెట్టి, పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టి, తలుపు వేసి మీట నొక్కింది. ఆయన గీత ఆయన కళ్ళముందే చిటచిటలాడుతూ అంచు చుట్టూ కాలిపోయింది. బాబాయి కాలిన అంచు మీద గోరు తిప్పి చూశాడట. తర్వాత, “ఇంకోసారి చూపిస్తారా?” అన్నాడట. నా లెక్కలో ఆయన మనసుపడింది ఆ రవ్వల మీద. పిన్ని పక్కనే నిలబడి ఉంది కాబట్టి ఆవిడకీ అంటుకుంది.

పెళ్ళయ్యాక ఇంట్లో రెండు అరలు ఏర్పడ్డాయి. పై అరలో బాబాయి గీసిన బంగారు అంచు కప్పులు. కింది అరలో ఓవెన్‌లోకి వెళ్ళే తెల్ల కప్పులు. పై అరలోది కిందికి దిగకూడదు, అంతే. ఇంకే విషయంలోనూ వాళ్ళకి కట్టుబాట్లు లేవు. బాబాయి టీ తాగేది మాత్రం పై అర కప్పులోనే. పొయ్యి మీద కాచి అందులో పోయాలి.

“ఏమే, నీ ఓవెన్‌కి బంగారం అంటే అంత కుళ్ళెందుకే?”

“బంగారం మీద కుళ్ళు లేదండీ. పలచటి మనుషులంటేనే పడదు.”

“నేను పలచనా?”

“రేపు ఓవెన్‌లో కూర్చోండి, తెలిసిపోతుంది.”

ఇలా ఉండేది వాళ్ళ కాపురం. వింటూ కూర్చుంటే నాకు భోజనం అక్కర్లేకపోయేది. అయినా తినేవాణ్ణి, అది వేరే సంగతి.

ముందు బాబాయి గీతలో అతుకు కనపడింది. కార్ఖానాలో ఎవరూ ఏమీ అనలేదు, ఆయనే కుంచె కడిగి పక్కన పెట్టి ఇంటికి వచ్చేశాడు. తర్వాత మనుషుల పేర్లు పోయాయి. పేర్లు నాకూ గుర్తుండవని నేను వేళాకోళం చేశాను. తర్వాత వీధులు పోయాయి. డాక్టరు తల బొమ్మ తీయించి, ఇది తగ్గేది కాదు, నెమ్మదిగా పెరిగేదేనని చెప్పాడు. ఒక మధ్యాహ్నం పిన్ని టీ ఇవ్వబోతుంటే బాబాయి మంచం మీద సర్దుకుని కూర్చుని, “మీకెందుకండీ శ్రమ, మీరెవరో చెప్పారు కాదు,” అన్నాడు. పెళ్ళైన నాటినుంచి ‘ఏమే’ తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి ‘అండీ’ అన్నాడు. తిట్టినా పిన్ని తట్టుకునేది. ఆ మర్యాదనే తట్టుకోలేకపోయింది.

ఒకటి మాత్రం ఆయనకి పోలేదు. తన గీత తనకి తెలుసు. మనిషిని చూసి గుర్తుపట్టకపోయినా, కప్పు తీసుకుని అంచు మీద గోరు తిప్పి, “ఇది నాదే. ఇది మా ఇల్లే,” అని నిమ్మళంగా కూర్చునేవాడు. ఆ ఇంట్లో పిన్నికి మిగిలిన సాక్షి ఆ గీత ఒక్కటే.

ఆ గీతను ఆయనే కాల్చుకోవడం మొదలుపెట్టాడు. టీ పక్కన పెట్టి మర్చిపోయేవాడు, చల్లారిపోయేది. అరల కట్టుబాటు ఎప్పుడో మర్చిపోయాడు గానీ ఓవెన్ మీట ఎక్కడుందో గుర్తుంది. బంగారు అంచు కప్పుని తీసుకెళ్ళి అందులో పెట్టి నొక్కేవాడు. చిటచిట. కొత్తగా చూసినట్టు, నోరు తెరుచుకుని చూసేవాడు. తీసి చూస్తే అంచంతా నలుపు. గోరు తిప్పేవాడు. “ఇది నాది కాదు. ఇది మా ఇల్లు కాదు. నేను వెళ్ళాలండీ.” చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి రోడ్డెక్కేవాడు. కింద పెద్ద రోడ్డు, లారీలకి బ్రేకులున్నాయో లేవో వాటికే తెలియని రోడ్డు. ఒకసారి రోడ్డు మధ్యలో, రెండువైపులా హారన్లు మోగుతుంటే, చేతిలో నల్లబడ్డ కప్పుతో నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. “బాబూ, మా ఇల్లు ఎటో చెబుతావా?” అన్నాడు.

నేను పిన్నితో చెప్పాను. “తాళం వేసేద్దాం పిన్నీ. ఈ దేశంలో ఎవడూ తియ్యలేని తాళం బిగిస్తాను. నేను కూడా తియ్యలేను, ఒట్టు.”

“వేస్తావు సరే. ఆయన తలుపు లాగి చూసి, నన్నెందుకండీ బంధించారని అడుగుతారు. నువ్వొచ్చి జవాబు చెబుతావా?”

బిగిద్దామని తెచ్చిన తాళం తిరిగి నా బల్ల మీదికి వెళ్ళింది.

అందుకని పిన్ని తన విద్యే నమ్ముకుంది. ముందు ఓవెన్ దాచేసింది. బాబాయి కప్పుని తీసుకెళ్ళి గ్యాసు మంట మీద పెట్టాడు. కప్పు పగిలింది, చొక్కా చెయ్యి అంటుకుంది, పిన్ని తడి తువ్వాలు చుట్టి ఆర్పింది. ఓవెన్ మళ్ళీ దాని చోటికి వచ్చింది. తర్వాత పై అర కప్పులు దాచి తెల్లవి పెట్టింది. “ఇవి ఎవరి ఇంటివండీ? బంగారం గీయడం మర్చిపోయారు పాపం,” అని లేచి బయల్దేరాడు.

తర్వాత ఇంకో ఉపాయం వేసింది. ఓవెన్ విప్పి, లోపల అలలు పుట్టించే మాగ్నెట్రాన్‌కి వెళ్ళే తీగ ఒకటి ఊడదీసింది. ఇప్పుడు మీట నొక్కితే దీపం వెలుగుతుంది, పళ్ళెం తిరుగుతుంది, చివర గంట కూడా మోగుతుంది. అలలు మాత్రం ఉండవు, గీతకి ఏమీ కాదు. ఇంతకంటే తెలివైన మోసం నేను కూడా చెయ్యలేదు. బాబాయి కప్పు తీసి ఒక గుక్క తాగి చూశాడు.

“చల్లగా ఉందండీ. మీ ఓవెన్ పాడైంది.”

“పోనీలెండి, పొయ్యి మీద కాచి ఇస్తాను.”

“అబ్బే, మీరు కంగారుపడకండి. మా ఆవిడ బాగుచేస్తుంది. బజార్లో దుకాణం. పిలుచుకొస్తా ఉండండి.”

పిన్ని వంటింట్లోకి వెళ్ళి వచ్చేలోపు మెట్లు దిగిపోయాడు.

నేను నా బల్ల దగ్గర ఉన్నాను. బాబాయి వచ్చి పిన్ని దుకాణం ముందు నిలబడ్డాడు. షట్టరు మూసి ఉంది. ఈసారి దారి తప్పలేదు. ఇల్లు మర్చిపోయిన మనిషి ఆ దుకాణం దారి మర్చిపోలేదు. షట్టరు మీద వేళ్ళతో తట్టి నావైపు చూశాడు.

“ఇవాళ ఇంకా రాలేదా?”

పిన్ని ఆయన వెనకాలే ఉంది. చేతిలో ఆయన చెప్పుల జత, ఊపిరాడక రొప్పుతోంది. నేను నోరు తెరిచాను. పిన్ని వద్దని తల ఊపింది. నేనేనండీ అని అంతకుముందు చెప్పినప్పుడల్లా ఆయన భయపడి గోడకి నక్కేవాడు. అందుకని వెనక నుంచి వంగి చెప్పులు ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

“వస్తుంది లెండి. ఎండగా ఉంది, ఇవి వేసుకోండి.”

“చాలా థాంక్సండీ. మా ఆవిడ ఆలస్యం చేసే మనిషి కాదు,” అన్నాడు బాబాయి, తన భార్య మీద మాట పడకుండా.

నేను తల దించుకుని ఎవరిదో తాళంచెవి అరగదీస్తూ కూర్చున్నాను.

ఇంటికి వెళ్ళాక పిన్ని తీగ మళ్ళీ కలిపేసింది. టీ వేడెక్కాలి, లేకపోతే భార్యని వెతుక్కుంటూ వెళ్తాడు. గీత కాలకూడదు, కాలితే ఇల్లు వెతుక్కుంటూ వెళ్తాడు. ఎటు చూసినా రోడ్డే. పై అరలో కప్పులు పలచబడుతున్నాయి. గీయడానికి బాబాయి చెయ్యి ఇక పనికిరాదు.

అప్పుడు పిన్నికి తోచింది. బంగారమైతే మెరుస్తుంది. లోహం కాని రంగైతే? మట్టిరంగు లాంటి పసుపులో కరెంటు పరిగెత్తడానికి దారే ఉండదు. అల దాన్ని పట్టించుకోకుండా దాటిపోయి నేరుగా టీలో పడుతుంది. పసుపు గీత గీసి బట్టీలో కాలిస్తే చాలు. గీయాలంటే చక్రం కావాలి. పిన్ని దుకాణంలో చక్రాలకి కరువేమిటి? ఓవెన్ అడుగున గాజు పళ్ళెం తిప్పే చిన్న మోటారు ఉంటుంది, మెల్లగా, ఒకే వేగంతో తిరుగుతుంది. దాన్ని ఊడదీసి చెక్కకి బిగించింది. పైన పళ్ళెం, పళ్ళెం మీద తెల్ల కప్పు. కుంచె పట్టుకుని ఊపిరి బిగించి కూర్చుంది.

ఆ గీతల సంగతి ఏం చెప్పను. మొదటిది పాము. రెండోది ఆ పాముని చూసి పరిగెత్తినవాడి దారి. నేను నవ్వితే కుంచె విదిలించి నా చొక్కా మీద రంగు చల్లింది. కప్పులు తుడిచి మళ్ళీ గీసింది, మళ్ళీ తుడిచింది. చివరికి ఒకటి గీతలా కనిపించింది. దాన్ని కార్ఖానాకి తీసుకెళ్ళి బట్టీ మేస్త్రికి ఇచ్చింది. ఆయన బాబాయితో కలిసి పనిచేసిన మనిషి. కప్పుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏంటమ్మా ఇది, ఆయన కప్పుకి పసుపు రంగా? చూస్తే నన్ను తంతాడు.”

“తన్ననివ్వండి. తన్నాలంటే మిమ్మల్ని గుర్తుపట్టాలిగా.”

బట్టీ మేస్త్రి కప్పుని లోపల పెట్టాడు.

కాలిన కప్పులో టీ పోసి దుకాణంలో ఓవెన్‌లో పెట్టింది పిన్ని. నేనూ ఆవిడా తలలు ఆనించి తలుపు అద్దంలోంచి చూశాం. పళ్ళెం తిరిగింది. టీ మీద ఆవిరి లేచింది. ఒక్క రవ్వ లేదు. పిన్ని నా వీపు మీద ఒక్కటి చరిచింది, సంతోషానికి. ఆ దెబ్బకి నేను రెండంగుళాలు పొట్టివాణ్ణయ్యాను, కావాలంటే గోడ మీద పాత గీత ఉంది, కొలుచుకోండి.

ఆ సాయంత్రం బాబాయి ఆ కప్పుని తనే ఓవెన్‌లో పెట్టి, తనే తీశాడు. టీ వేడిగా ఉంది. గీత చెక్కుచెదరలేదు. అంచు మీద గోరు పెట్టి తిప్పాడు. ఒకచోట ఆగాడు. వెనక్కి తిప్పాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. ఇది నాదే అంటాడని పిన్ని కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

“ఇది ఎడమకి తిరిగింది,” అన్నాడు.

ఆ మోటారుకి ఒక గుణం ఉంది. మీట నొక్కినప్పుడు ఇష్టమైతే కుడికి తిరుగుతుంది, లేకపోతే ఎడమకి. ఓవెన్‌లో ఎటు తిరిగినా కూర వేడెక్కుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పిన్ని కూడా పట్టించుకోలేదు. బాబాయి గోరు పట్టించుకుంది.

“చక్రం కుడికే తిప్పాలి. అతుకు చూడు, తాడు ముడేసినట్టుంది. ఎవరు గీశారిది?”

“నేనేనండి.”

“నువ్వా? కొత్తగా చేరావా?”

పిన్ని ఆయన ముఖంలోకి చూసింది. అక్కడ భయం లేదు. చాలా రోజులుగా లేనిది ఏదో ఉంది. గీతల గదిలో మేస్త్రిగా ఉన్నప్పటి చిరాకు.

“ఆఁ, కొత్తేనండి.”

“కూర్చో. కుంచె తీసుకో. చేత్తో గీయకూడదమ్మా. చేతిని మర్చిపో. గీత చక్రం గీస్తుంది.”

అలా పిన్ని తన ఇంట్లో తానే పనికి కుదిరింది. రోజూ సాయంత్రం మోటారు బల్ల మీద పెట్టేది. ఎడమకి తిరిగితే ఆపి, కుడికి తిరిగేదాకా మళ్ళీ మళ్ళీ నొక్కేది. బాబాయి పక్కనే కూర్చుని తప్పులు పట్టేవాడు. ‘అండీ’ పోయింది, ‘అమ్మాయ్’ వచ్చింది. వేడి టీ తాగేవాడు. రోడ్డు మీదికి వెళ్ళే మాటే లేదు. పచ్చి గీత ముందు కొత్తమనిషిని వదిలి ఏ మేస్త్రి బయటికి వెళ్తాడు? ఆ ఇల్లు ఆయనకి ఇల్లు కాలేదు, కార్ఖానా అయింది. ఆయన ఇంట్లో ఉండాలంటే పిన్ని ఆయన భార్య కాకుండా పోవాలి. పోయింది.

నేను అప్పుడప్పుడూ వెళ్ళి గుమ్మంలో కూర్చునేవాణ్ణి. ఒకసారి కుంచె ముంచుతూ బాబాయి గొంతు తగ్గించాడు.

“అమ్మాయ్, నీకు పెళ్ళయిందా?”

“అయిందండి.”

“మీ ఆయన మంచివాడేనా?”

“మంచివారేనండి. నోరే కాస్త దురుసు.”

“మా ఆవిడది కూడా నోరే. కానీ పనిమంతురాలు. బజార్లో ఓవెన్లు బాగుచేస్తుంది. అంత పని తెలిసినవాళ్ళని నేను చూడలేదు. ఎప్పుడైనా కనపడితే ఈ మాట తనతో అనకు, నెత్తికెక్కుతుంది.”

“అననండి,” అంది పిన్ని. కప్పు మీద గీత వణికింది. “చూశావా, చేతిని మర్చిపోమన్నాను,” అన్నాడు బాబాయి.

చీకటి పడేవేళ మాత్రం చిక్కు వచ్చేది. “పని అయిపోయింది, ఇంటికెళ్తాను, మా ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది,” అని లేచేవాడు. పిన్ని ఇంకో కప్పు ముందు పెట్టేది. “ఇదొక్కటి చూసి వెళ్ళండి, అతుకు కలవడం లేదు.” ఆయన కూర్చునేవాడు. కలిసేదాకా చెబుతూ చెబుతూ అలసిపోయి అక్కడే పడుకునేవాడు. ఇక్కడ నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. పిన్ని చెయ్యి కుదిరిపోయింది. దుకాణంలో నా ముందు గీస్తే అతుకు నాకు దొరికేది కాదు. అదే చెయ్యి ఇంట్లో సాయంత్రం ప్రతి కప్పుకీ అతుకు తెప్పించేది. గీత బాగా వస్తే పాఠం అయిపోతుంది, పాఠం అయిపోతే ఆయన లేస్తాడు. చెడగొట్టడమే ఆవిడ పని అయింది. నేను అడిగితే, “తాళాలు చూసుకో,” అంది.

ఆఖరి సాయంత్రం నేనక్కడ లేను. ఉన్నవాళ్ళకంటే బాగా చెప్పగలనని మీకు తెలుసు. ఆ రోజు పిన్నికి అలుపొచ్చింది. చెడగొట్టడం చేతకాలేదు. కుంచె పట్టుకుంది, చేతిని మర్చిపోయింది, గీత చక్రమే గీసింది. బాబాయి కప్పు తీసుకుని గోరు తిప్పాడు. ఒక చుట్టు తిరిగింది, ఎక్కడా ఆగలేదు. ఇంకో చుట్టు. అతుకు లేదు. తల ఎత్తి చాలాసేపు ఆవిడ ముఖం చూశాడు. “ఇది మా ఆవిడ చెయ్యి,” అన్నాడు. ఆవిడ రెండు అరచేతులూ తీసుకుని తన కళ్ళకి ఆనించుకున్నాడు. తెల్లవారి ఇక లేవలేదు. తెలిసే వెళ్ళాడు, ఎవరి ఇంట్లోంచి వెళ్తున్నాడో, ఎవరి చేతుల్లోంచి వెళ్తున్నాడో. బజారంతటికీ ఇలాగే చెప్పాను. విన్నవాళ్ళందరూ ఏడ్చారు. బట్టీ మేస్త్రి అయితే నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఇదంతా రాశాక పిన్నికి చదివి వినిపించాను. ఆవిడ ఎవరిదో ఓవెన్ వెనక రేకు విప్పుతోంది. వింటున్నంతసేపూ మరలు తీసి మూతలో వేస్తూనే ఉంది. చివరిమాట అయ్యాక స్క్రూడ్రైవర్ ఆపకుండానే చెప్పింది:

“అలా అనలేదురా. గీత నేను బాగానే గీశాననుకున్నా. ఆయన గోరు తిప్పి, అతుకు తెలుస్తోందమ్మా, రేపు మళ్ళీ గియ్యి అన్నారు. సరేనండి అన్నాను.”